ఊరి పక్కనే ఉక్కు కర్మాగారాలు, ఉద్యోగానికి దారి ఏది? ధర్సీవా యువత ముందున్న వృత్తి శిక్షణ కళాశాలలు

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే జాతీయ రహదారిపై ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తే ధర్సీవా వస్తుంది. తహసీలు కేంద్రమైన ఈ ఊరికి చేరేలోపే భన్‌పురీ, సిల్తరా పారిశ్రామిక వాడలు ఎదురవుతాయి. మరికొంత పక్కగా ఉర్లా పారిశ్రామిక వాడ ఉంది. స్పాంజ్ ఐరన్ బట్టీలు, రోలింగ్ మిల్లులు, ఫెర్రో మిశ్రమ లోహాల కర్మాగారాలు, వాటికి కరెంటు అందించే సొంత విద్యుత్ కేంద్రాలు ఈ ప్రాంతానికి గుర్తింపు తెచ్చాయి. పొగగొట్టాల వెనుక వరి మళ్లు కనిపిస్తాయి. ఛత్తీస్‌గఢ్ మైదానాన్ని అక్కడి వారు ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నె, అని పిలుచుకుంటారు.

ఇటువంటి చోట పదో తరగతి పూర్తిచేసిన విద్యార్థి ఇంట్లో ప్రతి వేసవిలోనూ ఒకే చర్చ జరుగుతుంది. చదువు కొనసాగించాలా, లేక కాంట్రాక్టరు వద్ద హెల్పరుగా చేరాలా? కర్మాగారం గేటు ఇంటి నుంచి సైకిల్‌పై పదిహేను నిమిషాల దూరంలోనే ఉండవచ్చు. అయితే ఆ గేటు లోపల పనులన్నీ ఒకటి కావు. బొగ్గు, ఖనిజం మోసేవారు, ఊడ్చేవారు, సరుకు ఎత్తేవారు ఒక వరుస. క్రేను నడిపేవారు, మోటార్లు మరమ్మతు చేసేవారు, పైపులు వెల్డింగ్ చేసేవారు, నియంత్రణ గదిలో కొలతలు చూసేవారు మరొక వరుస. మొదటి వరుసలో చేరడానికి చదువు అక్కరలేదు. రెండవ వరుసలోకి రావడానికి చేతిలో ఒక ధ్రువపత్రం, ఆ పత్రం వెనుక నిజమైన నైపుణ్యం ఉండాలి.

ఆ ధ్రువపత్రాన్ని, నైపుణ్యాన్ని తక్కువ ఖర్చుతో ఇవ్వడానికి ఏర్పడినవే ప్రభుత్వ వృత్తి శిక్షణ కళాశాలలు. వీటిలో ఎన్నో రకాలున్నాయి. పేర్లు ఒకదానిని పోలి మరొకటి ఉండటంతో కుటుంబాలు తరచుగా తికమకపడుతుంటాయి. ఏది ఎంతకాలం, ఎవరికి, ఆ తరువాత ఏ దారి తెరుచుకుంటుంది అన్నది వివరంగా చూద్దాం.

కమ్యూనిటీ కళాశాల అనే ఆలోచన ఎక్కడిది?

స్థానిక ప్రజలకు, స్థానిక పరిశ్రమలకు అవసరమైన చదువును ఇంటికి దగ్గరలో, తక్కువ రుసుముతో అందించే కళాశాలలు అమెరికాలో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మొదలయ్యాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో ఏర్పాటైన జూనియర్ కళాశాలను ఈ కోవలో తొలి ప్రభుత్వ సంస్థగా పరిగణిస్తారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా కమిషన్ 1947లో ఇచ్చిన నివేదికతో ‘కమ్యూనిటీ కళాశాల’ అనే మాటకు విస్తృత ప్రచారం లభించింది. ఒకే ప్రాంగణంలో వెల్డింగ్ నేర్చుకునేవారు, నర్సింగ్ చదివేవారు, రెండేళ్ల తరువాత విశ్వవిద్యాలయానికి వెళ్లేవారు కలిసి ఉండటం ఆ విధానం ప్రత్యేకత. అక్కడ చేతిపని నేర్చుకున్నంత మాత్రాన పై చదువుకు తలుపు మూసుకుపోదు.

మన దేశంలో 1990లలో పుదుచ్చేరి, చెన్నై నగరాల్లో ఈ పేరుతో తొలి ప్రయత్నాలు జరిగాయి. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రస్తుత కళాశాలల్లోనే కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని ప్రవేశపెట్టింది. అయితే భారతదేశంలో ఈ బాధ్యతను అంతకు చాలా ముందు నుంచే పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే ఐటీఐలు, మోస్తున్నాయి. వీటికి ఆధారమైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో ఆరంభమైంది. జాతీయ వృత్తి శిక్షణ మండలి 1956లో ఏర్పడింది. పేరు ఏదైనా, అమెరికాలో కమ్యూనిటీ కళాశాల కార్మిక కుటుంబానికి చేసే పనికి మన దేశంలో దగ్గరగా నిలిచేది ప్రభుత్వ ఐటీఐయే.

ఛత్తీస్‌గఢ్‌లో శిక్షణ చట్టబద్ధమైన హక్కు

ఈ విషయంలో ఛత్తీస్‌గఢ్‌కు ఒక ప్రత్యేకత ఉంది. యువతకు నైపుణ్యాభివృద్ధి హక్కును కల్పిస్తూ 2013లో ఈ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దేశంలో ఇటువంటి చట్టం చేసిన తొలి రాష్ట్రం ఇదే. రాష్ట్రంలో నివసించే 14 నుంచి 45 ఏళ్ల వయసువారు తమకు అర్హత ఉన్న వృత్తిలో శిక్షణ కోరితే, 90 రోజుల్లోగా అవకాశం కల్పించడం ప్రభుత్వ బాధ్యత అవుతుంది. జిల్లా స్థాయిలో కలెక్టరు ఆధ్వర్యంలోని యంత్రాంగం దీనిని అమలు చేస్తుంది.

ఈ చట్టాన్ని అర్థం చేసుకోవడంలో ఒక జాగ్రత్త అవసరం. ఇది శిక్షణ పొందే హక్కు మాత్రమే, ఉద్యోగం పొందే హక్కు కాదు. శిక్షణ ముగిసిన తరువాత ఉపాధి చూపవలసిన చట్టబద్ధ బాధ్యత ప్రభుత్వంపై గానీ, సమీప కర్మాగారంపై గానీ ఉండదు. ఈ తేడా తెలియక ఆశపడి, ఆ తరువాత నిరాశపడేవారు ఉంటారు.

చట్టానికి రెండేళ్ల ముందే, 2011లో, దంతెవాడ జిల్లాలో లైవ్‌లీహుడ్ కళాశాల పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. బడి మధ్యలో మానేసినవారికి, మారుమూల గ్రామాల యువతకు వసతి కల్పించి, కొద్ది నెలల్లో ఒక వృత్తి నేర్పించడం దాని లక్ష్యం. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఈ విధానాన్ని ఇతర జిల్లాలకు విస్తరించింది. రాయ్‌పూర్ జిల్లాకు సంబంధించిన లైవ్‌లీహుడ్ కళాశాల రాజధాని శివార్లలోని జోరాలో ఉంది. కుట్టుపని, ఎలక్ట్రికల్ పనులు, వెల్డింగ్, కంప్యూటర్ వినియోగం, ఆతిథ్య సేవలు వంటి స్వల్పకాలిక కోర్సులకు ఈ కళాశాలలు వేదికలు.

రాష్ట్ర సంస్థలతో పాటు భన్‌పురీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ కూడా ఉంది. ప్లాస్టిక్, పాలిమర్ రంగాల్లో శిక్షణ ఇచ్చే సిపెట్ 1968లో చెన్నైలో మొదలైంది. హైదరాబాద్, విజయవాడల్లోనూ దీని కేంద్రాలు పనిచేస్తున్నాయి.

స్వల్పకాలిక కోర్సు, ఐటీఐ ఒకటి కావు

ప్రవేశం కోరే కుటుంబం మొట్టమొదట తెలుసుకోవలసిన విషయం ఇదే. రెండు చోట్లా ‘ఎలక్ట్రీషియన్’ అనే మాట వినిపిస్తుంది. రెండు చోట్లా ధ్రువపత్రం ఇస్తారు. కానీ ఆ రెండు పత్రాలకు గేటు వద్ద లభించే విలువలో ఎంతో వ్యత్యాసం ఉంటుంది.

స్వల్పకాలిక శిక్షణ సాధారణంగా కొన్ని వారాల నుంచి ఆరు నెలల వరకు సాగుతుంది. 2015 జూలై 15న ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, గ్రామీణ పేద యువత కోసం 2014లో మొదలైన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య పథకాలు ఈ కోవలోకి వస్తాయి. అభ్యర్థి నుంచి రుసుము వసూలు చేయరు. ఒక ప్రత్యేకమైన పనికి త్వరగా సిద్ధం చేయడం ఈ కోర్సుల ప్రయోజనం. సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకోవాలనుకునేవారికి బ్యాంకులు నిర్వహించే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు మరొక దారి.

ఐటీఐ శిక్షణ ఇంతకంటే సుదీర్ఘమైనది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ వంటి ట్రేడులకు రెండేళ్లు, వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్ వంటి ట్రేడులకు ఏడాది పడుతుంది. కనీస వయసు 14 ఏళ్లు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులకు పదో తరగతిలో గణితం, విజ్ఞాన శాస్త్రం చదివి ఉత్తీర్ణులు కావాలి. వెల్డర్ ట్రేడుకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత సరిపోతుంది. చివరి పరీక్షలో నెగ్గినవారికి నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇది దేశమంతటా చెల్లుతుంది. రైల్వే, రక్షణ కర్మాగారాలు, విద్యుత్ సంస్థలు, ప్రభుత్వ రంగ ఉక్కు కర్మాగారాలు సాంకేతిక ఉద్యోగాల ప్రకటనల్లో అర్హతగా పేర్కొనేది ప్రధానంగా ఈ పత్రాన్నే.

కనుక మూడు నెలల కోర్సు పూర్తిచేసి రైల్వే టెక్నీషియన్ ఉద్యోగానికి దరఖాస్తు చేద్దామనుకుంటే ఆశాభంగం తప్పదు. అలాగని స్వల్పకాలిక కోర్సు పనికిరానిది కాదు. ఇప్పటికే ముప్పై ఏళ్లు దాటి, కుటుంబ భారం మోస్తూ, రెండేళ్లు సంపాదన వదులుకోలేని వ్యక్తికి అదే సరైనది. పదహారేళ్ల విద్యార్థికి మాత్రం ఐటీఐ వైపే మొగ్గు చూపడానికి బలమైన కారణాలున్నాయి. వాటిలో మొదటిది వయసుకు సంబంధించినది.

పదహారు నుంచి పద్దెనిమిది: చట్టం చెప్పేదేమిటి?

మన దేశంలో పదో తరగతి పూర్తయ్యేసరికి విద్యార్థికి సాధారణంగా 15 లేదా 16 ఏళ్లు ఉంటాయి. బాల కార్మికుల నిషేధ చట్టానికి 2016లో చేసిన సవరణ ప్రకారం 14 ఏళ్లు నిండి 18 పూర్తికాని వారిని ‘కౌమారులు’గా గుర్తిస్తారు. వీరిని గనుల్లోనూ, పేలుడు పదార్థాల పనుల్లోనూ, చట్టం ప్రమాదకరమైనవిగా పేర్కొన్న ప్రక్రియల్లోనూ నియమించడం నేరం. ఇనుము, ఉక్కు, ఫెర్రో మిశ్రమ లోహాల తయారీ ఆ ప్రమాదకర ప్రక్రియల జాబితాకు చెందినవే.

ధర్సీవా వంటి చోట దీని అర్థం స్పష్టం. పదో తరగతి తరువాత నేరుగా ఉక్కు కర్మాగారంలో పనికి కుదిరే కుర్రవాడిని తీసుకునే కాంట్రాక్టరు చట్టాన్ని ఉల్లంఘించినట్లే. అటువంటి నియామకానికి కాగితాలు ఉండవు. కాగితాలు లేని చోట భవిష్య నిధి ఉండదు, ఈఎస్‌ఐ వైద్యం ఉండదు, ప్రమాదం జరిగితే పరిహారం కోరడానికి ఆధారమూ ఉండదు. స్పాంజ్ ఐరన్ బట్టీలో ఖనిజం, బొగ్గు దాదాపు 1,000 డిగ్రీల సెల్సియస్ వేడిలో తిరుగుతుంటాయి. అక్కడ చిన్న పొరపాటుకైనా పెద్ద మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ శిక్షణకు పట్టే రెండేళ్లు సరిగ్గా ఈ వయసు ఖాళీలో ఇమిడిపోతాయి. పదహారో ఏట చేరిన విద్యార్థి పద్దెనిమిదో ఏట ధ్రువపత్రంతో బయటికి వస్తాడు. ‘రెండేళ్ల సంపాదన పోతుంది’ అని లెక్క వేసుకునే తల్లిదండ్రులు ఈ కోణాన్ని కూడా గమనించాలి. ఆ రెండేళ్లలో కర్మాగారం నుంచి చట్టబద్ధంగా రాగల సంపాదన అసలే లేదు.

తరగతి గదిలో ఏం జరుగుతుంది?

ఐటీఐలో సాధారణ కళాశాల వాతావరణం ఉండదు. రోజులో ఎక్కువ సమయం వర్క్‌షాపులోనే గడుస్తుంది. ఫిట్టర్ ట్రేడు విద్యార్థి మొదటి నెలల్లో ఇనుప ముక్కను ఆకురాయితో అరగదీయడం, రంపంతో కోయడం, స్టీలు స్కేలుతోనూ వెర్నియర్ కాలిపర్స్‌తోనూ కొలవడం నేర్చుకుంటాడు. చాలామందికి ఈ దశ విసుగు పుట్టిస్తుంది. ‘యంత్రాలు నేర్పిస్తారనుకుంటే ఇనుము అరగదీయిస్తున్నారు’ అని మధ్యలో మానేసేవారూ ఉంటారు. కొలతకు కట్టుబడి పనిచేసే అలవాటు ఆ దశలోనే చేతికి అబ్బుతుంది. బేరింగు బిగించేటప్పుడు మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా లెక్కకు వస్తుందని తరువాత అర్థమవుతుంది.

ప్రాక్టికల్స్‌తో పాటు ట్రేడు సిద్ధాంతం, వర్క్‌షాపు లెక్కలు, ఇంజనీరింగ్ డ్రాయింగ్, ఉద్యోగ నైపుణ్యాలు పాఠ్యాంశాలుగా ఉంటాయి. చివరి పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు అవసరం. పేరు నమోదు చేయించుకుని వేరే పనికి వెళ్లిపోవచ్చని భావించేవారికి ఈ నిబంధన అడ్డుకట్ట. వరి నాట్ల వేళ, కోతల వేళ పిల్లలను పొలానికి పిలిచే రైతు కుటుంబాలు కూడా ఈ లెక్కను ముందుగానే గుర్తుంచుకోవాలి.

శిక్షణలో కొంత భాగాన్ని ఐటీఐలోను, మిగిలిన భాగాన్ని నేరుగా పరిశ్రమలోను పూర్తిచేసే ద్వంద్వ శిక్షణ విధానాన్ని కేంద్రం 2016లో ప్రవేశపెట్టింది. ఐటీఐ వర్క్‌షాపులో ఎంతో కాలంగా వాడుతున్న యంత్రానికి, కర్మాగారంలోని కొత్త యంత్రానికి మధ్య అంతరాన్ని తగ్గించడం దీని ఉద్దేశం. సిల్తరా, ఉర్లా వంటి వాడలు పక్కనే ఉన్న ప్రాంతానికి ఇది బాగా నప్పే ఏర్పాటు. దరఖాస్తు చేసే ముందు తమ ఐటీఐలో ఈ విధానం ఉందా, ఏ ట్రేడుకు ఉంది అని అడిగి తెలుసుకోవడం మంచిది.

అప్రెంటిస్ శిక్షణ: పని నేర్చుకుంటూ భృతి

ఐటీఐ పూర్తయ్యాక నేరుగా ఉద్యోగం దొరకకపోతే తదుపరి మెట్టు అప్రెంటిస్ శిక్షణ. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం దీనికి ఆధారం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 శాతం నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను విధిగా తీసుకోవాలి. ఈ లెక్కలో కాంట్రాక్టు సిబ్బంది కూడా చేరతారు. కనీస నెలసరి భృతిని ఆ నిబంధనలు అభ్యర్థి విద్యార్హతను బట్టి 5,000 నుంచి 9,000 రూపాయల వరకు నిర్ణయించాయి. భృతిలో కొంత భాగాన్ని కేంద్రం జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద భరిస్తుంది.

ఇక్కడ అభ్యర్థి గుర్తుంచుకోవలసినవి రెండు. అప్రెంటిస్ చట్టం దృష్టిలో శిక్షణార్థి, కార్మికుడు కాడు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన సంస్థకు లేదు, ఒప్పందంలో అలా రాసుకుంటే తప్ప. రెండవది, శిక్షణ కాలంలో పని చేస్తుండగా గాయపడితే పరిహారం పొందే హక్కు అప్రెంటిస్‌కు ఉంది. నమోదైన ఒప్పందం ప్రతి తమ చేతికి వచ్చిన తరువాతే పని మొదలుపెట్టాలి. మాట మీద ‘అప్రెంటిస్’గా పెట్టుకుని హెల్పరు పని చేయించుకునే చోట ఆ హక్కును నిరూపించడం కష్టం.

పై చదువుకు తలుపు తెరిచే ఉంటుంది

‘ఐటీఐకి వెళితే చదువు అక్కడితో ఆగిపోతుంది’ అన్న భయం చాలా ఇళ్లలో ఉంది. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. ఇప్పుడు పరిస్థితి మారింది. పదో తరగతి తరువాత రెండేళ్ల ఐటీఐ పూర్తిచేసినవారు పాలిటెక్నిక్ డిప్లొమా రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. డిప్లొమా తరువాత ఇంజనీరింగ్ రెండవ సంవత్సరంలో ప్రవేశానికి అవకాశం ఉంది. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థతో కుదిరిన ఏర్పాటు ప్రకారం, ఐటీఐ విద్యార్థులు భాషతో పాటు నిర్దేశించిన సబ్జెక్టు పరీక్ష రాసి పన్నెండో తరగతికి సమానమైన ధ్రువపత్రం కూడా పొందవచ్చు. దానితో సాధారణ డిగ్రీకి దారి దొరుకుతుంది.

శిక్షణ కళాశాల విలువను నిర్ణయించేది ఈ అంశమే. మొదటి ఉద్యోగం ఎక్కడ వచ్చిందన్న దాని కంటే, ఆ ఉద్యోగం పోయినా మరోచోటికి, మరో మెట్టుకు వెళ్లడానికి ఆ చదువు పనికొస్తుందా అన్నది ముఖ్యం. ధర్సీవా ప్రాంతంలో దీనికి ఒక నిదర్శనం కళ్లెదుటే ఉంది. సమీపంలోని మాంఢర్‌లో ప్రభుత్వ రంగ సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం ఒకప్పుడు ఎన్నో కుటుంబాలకు ఆధారం. అది మూతపడి చాలా ఏళ్లయింది. తెలుగు పాఠకులకు ఈ కథ కొత్తది కాదు. అదే సంస్థకు చెందిన ఆదిలాబాద్ యూనిట్ కూడా మూతపడింది. కర్మాగారం ఆగిపోయిన రోజున అక్కడి పని తప్ప మరేదీ తెలియని హెల్పరుకు, దేశమంతటా చెల్లే ధ్రువపత్రం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు మిగిలే అవకాశాలు ఒకటి కావు.

అమ్మాయిలకు చోటు ఎంత?

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఐటీఐల్లో 30 శాతం సీట్లు మహిళలకు కేటాయించాలి. ఆచరణలో అమ్మాయిలు ఎక్కువగా కుట్టుపని, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడులకే పరిమితమవుతుంటారు. ఆ ట్రేడులను తక్కువ చేయనక్కరలేదు. అయితే ఉక్కు, విద్యుత్ పరిశ్రమలున్న ప్రాంతంలో ఎలక్ట్రీషియన్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, డ్రాఫ్ట్స్‌మెన్ ట్రేడులను కూడా పరిశీలించడం ప్రయోజనకరం. కొలత పరికరాల పర్యవేక్షణ, ప్రయోగశాలలో లోహ నమూనాల పరీక్ష, డ్రాయింగ్ పనులకు కండబలం కంటే శ్రద్ధ ముఖ్యం. కుటుంబాలు ముందుగా చూసుకునేది రాకపోకల సౌకర్యం. రహదారిపై రాత్రింబవళ్లు భారీ లారీలు తిరిగే ఈ ప్రాంతంలో సంస్థ వేళలు, బస్సు వేళలు, వసతి గృహం ఉందా లేదా అన్న విషయాలు ప్రవేశానికి ముందే తేల్చుకోవాలి.

ఛత్తీస్‌గఢ్‌లోని తెలుగు కుటుంబాలు గమనించవలసినవి

రైల్వే పనుల కోసం, భిలాయి ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం, విజయనగరం తదితర ప్రాంతాల నుంచి తరాల క్రితం వెళ్లిన తెలుగువారు రాయ్‌పూర్, భిలాయి, బిలాస్‌పూర్ నగరాల్లో స్థిరపడ్డారు. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన భిలాయి అనేక తెలుగు కుటుంబాలకు రెండవ స్వస్థలంగా మారింది. ఈ కుటుంబాల పిల్లలు హిందీ మాధ్యమంలో చదివి ఉంటారు కనుక ఐటీఐలో బోధనా భాష సమస్య కాబోదు. ఇటీవలే వలస వెళ్లిన కుటుంబాల పిల్లలకు మాత్రం మొదటి కొన్ని నెలలు ఇబ్బంది ఉంటుంది.

భాష కంటే జటిలమైనది ధ్రువపత్రాల సమస్య. రాష్ట్ర కోటా సీటుకు నివాస ధ్రువపత్రం అడుగుతారు. దానికి ఆధారాలు సమకూర్చుకోవడానికి సమయం పడుతుంది. రిజర్వేషన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగగా గుర్తింపు ఉన్న సమాజానికి చెంది, కుటుంబంతో బొంబాయి వెళ్లిన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు దాఖలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 1990లో కీలకమైన తీర్పు ఇచ్చింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డ్ కులం లేదా తెగగా గుర్తింపు పొందినవారు మరో రాష్ట్రానికి వలస వెళితే అక్కడ ఆ రాష్ట్రపు రిజర్వేషన్‌ను కోరలేరని ఆ తీర్పు సారాంశం. తెలుగు రాష్ట్రాల నుంచి తెచ్చుకున్న కుల ధ్రువపత్రంపై ఆధారపడి దరఖాస్తు నింపితే, సీటు వచ్చిన తరువాత పరిశీలనలో అది చేజారే ప్రమాదం ఉంది. ముందుగానే తహసీలు కార్యాలయంలో విచారించుకోవడం శ్రేయస్కరం.

మరోవైపు నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు ఇటువంటి సరిహద్దులు లేవు. రాయ్‌పూర్ జిల్లాలో చదివిన ఫిట్టరు విశాఖపట్నంలోనో, హైదరాబాద్‌లోనో అదే పత్రంతో దరఖాస్తు చేసుకోవచ్చు. సొంత ఊరికి తిరిగి రావాలనుకునే కుటుంబాలకు ఇది ఊరట.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ రంగంలో మార్పులు చోటు చేసుకుంటున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని చేపట్టింది. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. దేశవ్యాప్తంగా 1,000 ప్రభుత్వ ఐటీఐలను ఆధునికీకరించడానికి 60,000 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 మే నెలలో ఆమోదించింది. ఇందులో పరిశ్రమల భాగస్వామ్యం కూడా ఉంటుంది.

చేరే ముందు అడగవలసిన ప్రశ్నలు

ప్రవేశ దరఖాస్తుపై సంతకం చేసే ముందు విద్యార్థి, తల్లిదండ్రులు కలిసి సంస్థకు వెళ్లి ఈ విషయాలు స్వయంగా తెలుసుకోవాలి.

మొదటిది, చివరకు ఇచ్చే ధ్రువపత్రం పేరేమిటి, దానిని జారీ చేసేది ఎవరు? నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ అయితే సంస్థకు, ఆ ట్రేడుకు, ఆ విడతకు అనుబంధ గుర్తింపు ఉందో లేదో కేంద్ర నైపుణ్య మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సరిచూసుకోవాలి. గుర్తింపు సంస్థకు ఉండి, ఒక ట్రేడుకు లేకపోవడం అసాధ్యమేమీ కాదు.

రెండవది, ఆ ట్రేడుకు బోధకుడు ఉన్నారా? బోధకుల పోస్టులు ఖాళీగా ఉన్న చోట రెండేళ్లు గడిచినా చేతికి పని రాదు. వర్క్‌షాపును ఒకసారి చూస్తే చాలు, యంత్రాలపై దుమ్ము ఉందా, నూనె ఉందా అన్నది తెలిసిపోతుంది.

మూడవది, గత ఏడాది ఉత్తీర్ణులైనవారు ఇప్పుడు ఎక్కడున్నారు? సంస్థ చెప్పే శాతాల కంటే, పూర్వ విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడితే దొరికే సమాచారం నమ్మదగినది. వారు ట్రేడు పనే చేస్తున్నారా, లేక ధ్రువపత్రం ఉండి కూడా హెల్పరుగానే మిగిలారా అన్నది అడగాలి.

నాలుగవది, రుసుము కాక అయ్యే ఖర్చు ఎంత? ప్రభుత్వ సంస్థలో రుసుము తక్కువే. అయితే రోజూ ప్రయాణం, యూనిఫారం, బూట్లు, పుస్తకాలు, పరీక్ష రుసుము కలిపి చూసుకోవాలి. అర్హులైన విద్యార్థులకు ఉపకార వేతనాలు ఉంటాయి. అవి ఆలస్యంగా అందినా చదువు ఆగకుండా చూసుకోగలమా అన్నది కుటుంబం ముందే ఆలోచించుకోవాలి.

కళాశాల ఒక్కటే సరిపోదు

శిక్షణ కళాశాల అన్ని సమస్యలకూ పరిష్కారం కాదన్నది కూడా చెప్పుకోవాలి. స్థానికులకు నైపుణ్యం లేదు కనుక బయటివారిని తీసుకుంటున్నామన్నది పరిశ్రమల నుంచి తరచుగా వినిపించే మాట. నైపుణ్యం నేర్చుకున్నా కాంట్రాక్టరు ద్వారానే తీసుకుంటున్నారన్నది యువత నుంచి వినిపించే ఫిర్యాదు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ధ్రువపత్రం ఒక్కటే తగ్గించలేదు. అప్రెంటిస్‌ల నిష్పత్తిని పరిశ్రమలు నిజంగా పాటిస్తున్నాయా అని అధికారులు పర్యవేక్షించాలి. ఐటీఐ సలహా సంఘాల్లో పరిశ్రమల ప్రతినిధులతో పాటు పరిసర గ్రామాల మాట కూడా వినిపించాలి.

పొలం చేతిలో ఉన్న తరం కర్మాగారం గేటును అదనపు ఆదాయంగా చూసింది. పొలం తరిగిపోయిన తరానికి ఆ గేటే ప్రధాన ఆధారం. పదో తరగతి తరువాతి రెండేళ్లలో తీసుకునే నిర్ణయాన్ని బట్టి, ఆ గేటు లోపల ఏ వరుసలో నిలబడతారో, అది మూతపడిన రోజున మరో గేటు తట్టగలరో లేదో తేలుతుంది. ఈ వేసవిలో ఆ చర్చ జరిగే ఇళ్లలో ఈ రోజు చేతికొచ్చే కూలితో పాటు, పదేళ్ల తరువాత చేతిలో ఉండే పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.